లాప్‌టాప్ ఎక్కడ ఆగుతోంది?

"అక్కా, నా లాప్‌టాప్ బాగా స్లో అయిపోయింది. కొత్తది ఏది తీసుకోమంటావు?" సెమిస్టర్ మొదలైందంటే మా హాస్టల్ ఫ్లోర్‌లో కనీసం నలుగురైనా ఈ ప్రశ్న అడుగుతారు. ప్రశ్నలోనే జవాబు ఎలా దూరిపోయిందో చూడండి. స్లో అయింది, కాబట్టి కొత్తది. మధ్యలో ఉండాల్సిన మెట్టు ఒకటి ఎగిరిపోయింది. ఒంట్లో నలతగా ఉందని వెళ్తే ఏ డాక్టరూ వెంటనే ఆపరేషన్ అనడు కదా. జ్వరం చూస్తాడు, నాలుక చాపమంటాడు, అవసరమైతే రక్త పరీక్ష రాస్తాడు. స్లో అన్నది కూడా నలత లాంటి మాటే. అది జబ్బు పేరు కాదు.

లాప్‌టాప్ ఎన్నేళ్ళ నాటిదన్నది నా లెక్కలో రెండో ప్రశ్న. అది దేనికోసం ఆగుతోందన్నది మొదటిది. ఆ సంగతి తేలితే మార్చాలా, బాగు చేసుకోవాలా అన్నది చాలా వరకు దానంతట అదే తేలిపోతుంది.

మా నాన్నది తెనాలిలో చిన్న టైలరింగ్ షాపు. కంప్యూటర్ లోపలి సంగతి ఆయనకి చెప్పాల్సి వచ్చినప్పుడు షాపు భాషలోనే చెప్పాను. ప్రాసెసర్ అంటే మిషను మీద కూర్చున్న మనిషి. ర్యామ్ అంటే ఆయన ముందున్న బల్ల. ఇప్పుడు కుడుతున్న గుడ్డ, దారం, కత్తెర, టేపు అన్నీ దానిమీదే ఉండాలి. డిస్క్ అంటే మేడ మీద గది. కస్టమర్లిచ్చిన గుడ్డలు మూటలు కట్టి అక్కడ పెడతారు. ఏ మూట కావాలన్నా కుర్రాడు మెట్లెక్కి వెళ్ళి తేవాలి.

ఇప్పుడు షాపులో పని నత్తనడక నడుస్తోందనుకోండి. కుట్టే మనిషి చెయ్యే నెమ్మది కావచ్చు. లేదా బల్ల మరీ చిన్నదై, జాకెట్టు ముక్కలు తీసి పక్కన పెడితేగానీ ప్యాంటు గుడ్డ పరచడానికి చోటు లేకపోవచ్చు. అదీ కాకపోతే, కుర్రాడు మేడ దిగి వచ్చేదాకా మిషను ఊరికే ఆగి ఉండొచ్చు. బయట నిలబడ్డ కస్టమర్‌కి మాత్రం మూడూ ఒకటే. "ఇంకా కాలేదా?" అంటాడు. మనం లాప్‌టాప్ ముందు కూర్చుని అనేది కూడా అదే.

నాన్న అంతా విని, "అయితే మనిషిని మార్చే ముందు కుర్రాణ్ణి చూడాలన్నమాట" అన్నారు. ఇంత చదివి నేను దీనికన్నా బాగా చెప్పలేను.

ఒక ఏడెనిమిదేళ్ళ కిందట మన ఇళ్ళల్లో కొన్న 30 వేల, 35 వేల లాప్‌టాప్‌లు గుర్తు చేసుకోండి. ఎక్కువ వాటిలో 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. డబ్బా మీద 1 టీబీ అని పెద్దక్షరాలతో ఉండేది. ఆ డిస్క్ నిమిషానికి 5400 సార్లు తిరిగే రకమన్న సంగతి మాత్రం ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. అసలు కథంతా ఆ 5400 దగ్గరే ఉంది. మనం ఇంజనీరింగ్ వాళ్ళం కాబట్టి లెక్క వేసే చూద్దాం.

నిమిషానికి 5400 అంటే సెకనుకి 90 చుట్లు. ఒక చుట్టుకి 11 మిల్లీసెకన్లు. మనకు కావలసిన డేటా పళ్ళెం మీద ఎక్కడో ఉంటుంది, అది తల కిందకి రావడానికి సగటున అర చుట్టు, అంటే 5.5 మిల్లీసెకన్లు పడుతుంది. అంతకంటే ముందు ఆ తల సరైన వరుస మీదకి జరగాలి, దానికి ఇంకో పది మిల్లీసెకన్ల దాకా వేసుకోండి. మొత్తం 15 పైచిలుకు. అంటే సెకనుకి అరవై, అరవై అయిదు చోట్లకి మించి ఆ డిస్క్ వెళ్ళలేదు. ఒక్కో చోట చదివేది 4 కేబీ ముక్క అయితే సెకనుకి వచ్చేది 260 కేబీ. అదే డిస్క్ ఒక సినిమా ఫైల్‌ని వరుసగా చదివితే సెకనుకి 100 ఎంబీ దాకా ఇస్తుంది. మెట్లెక్కి ఒకే పెద్ద మూట తేవడం వేరు, ఒక్కో బొత్తాం కోసం ఒక్కోసారి ఎక్కి దిగడం వేరు.

విండోస్ లేచేటప్పుడు, యాంటీవైరస్ వెతికేటప్పుడు, అప్‌డేట్ దిగేటప్పుడు జరిగేది ఈ బొత్తాల పనే. వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్ళు. అందుకే డిస్క్ 100 శాతం అని ఎర్రగా చూపిస్తూ, పక్కనే వేగం సెకనుకి 1 ఎంబీ కూడా లేకపోవడం చాలామందికి వింతగా ఉంటుంది. అందులో వింతేం లేదు. కుర్రాడు క్షణం కూర్చోకుండా మెట్లెక్కుతూనే ఉన్నాడు. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్ళెమూ లేదు, జరిగే తలా లేదు. అతి చవక రకం కూడా ఇలాంటి చిన్న ముక్కల్ని సెకనుకి వేలల్లో అందిస్తుంది. షాపుకి మేడ తీసేసి, మూటలన్నీ మిషను పక్కన అరలో పెట్టినట్టు.

సరే, మీ లాప్‌టాప్‌లో సమస్య కుర్రాడిదా, బల్లదా, మనిషిదా? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. దాన్ని ఒక్కసారి చూసి తీర్పు చెప్పొద్దు. ఆన్ చేసిన వెంటనే ఏమీ తెరవకుండా ఒకసారి, మీరు రోజూ తెరిచే ట్యాబులన్నీ తెరిచాక ఒకసారి, మీ అసలు పని, అంటే కంపైలో మాట్‌ల్యాబో క్యాడో, నడుస్తున్నప్పుడు ఒకసారి చూడండి. మూడుసార్లూ సీపీయూ, మెమరీ, డిస్క్ అంకెలు నోట్‌బుక్‌లో రాసుకోండి. పావుగంట పని.

ఏమీ తెరవకముందే డిస్క్ 100 దగ్గర నిమిషాల తరబడి ఉండి, సీపీయూ 20, 30 దగ్గర తీరిగ్గా ఉంటే దోషం డిస్క్‌దే. ట్యాబులు తెరిచాక మెమరీ 90 దాటి, అప్పుడు డిస్క్ ఎగబాకితే దోషం బల్లది. ఈ రెండోది జాగ్రత్తగా చూడాలి. బల్ల మీద చోటు చాలనప్పుడు విండోస్ కొన్ని ముక్కల్ని డిస్క్ మీదకి పంపించి, మళ్ళీ కావాలంటే తెప్పిస్తుంది. బయటికి కనిపించేది డిస్క్ అంకె, లోపల ఉన్నది ర్యామ్ కొరత. ఇక డిస్కూ మెమరీ రెండూ నెమ్మదిగా ఉండి సీపీయూ ఒక్కటే 100లో ఉంటే, ముందు ఏ ప్రోగ్రామ్ తింటోందో చూడండి. చాలాసార్లు అది మీకు అక్కర్లేని ఏదో యాంటీవైరస్ ట్రయల్ అయి ఉంటుంది. నిజంగా మీ పనే తింటుంటే మాత్రం మిషను మీద మనిషి సరిపోవట్లేదన్నట్టు.

వేడి సంగతి కూడా ఒకటుంది. పర్ఫార్మెన్స్ పేజీలో ప్రాసెసర్ వేగం గిగాహెర్ట్జ్‌లో కనిపిస్తుంది. గట్టి పని చేస్తున్నప్పుడే అది బేస్ స్పీడ్ కన్నా కిందకి పడిపోతుంటే ఫ్యాన్‌లో దుమ్ము పట్టిందనో, థర్మల్ పేస్ట్ ఎండిపోయిందనో అనుమానించాలి. కాలిపోకుండా చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మంచం మీద, దుప్పటి మీద పెట్టి వాడేవాళ్ళు ఇక్కడ ఒకసారి ఆలోచించుకోవచ్చు.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. పాడైన సెక్టార్లు ఉన్నాయని హెచ్చరిస్తే మీ డిస్క్ నెమ్మదించలేదు, పోవడానికి సిద్ధంగా ఉంది. ముందు ప్రాజెక్టు ఫైళ్ళు, ఫొటోలు వేరే చోటికి కాపీ చేసుకోండి. మిగతా వ్యాసం ఆ తర్వాత చదవొచ్చు.

ఇక నా సంగతి. నేను వాడేది మా అన్నయ్య డిగ్రీలో ఉండగా 2018లో కొన్న లాప్‌టాప్. ఐ3-7020యూ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. 2024 ఆగస్టులో నేను మూడో ఏడాదిలోకి వచ్చేసరికి బటన్ నొక్కిన దగ్గర్నుంచి బ్రౌజర్ వాడుకునేదాకా నాలుగు నిమిషాలు పట్టేది. ఊళ్ళో ఒక షాపులో చూపిస్తే పైకెత్తి స్టిక్కర్ చూసి, "ఏడో జనరేషన్ అండీ, ఇంక పెట్టుబడి దండగ. 45 వేలల్లో మంచిది ఇస్తా" అన్నాడు. మూత కూడా తెరవలేదు.

నాన్న దగ్గర ఆ డబ్బుకి ఉన్న దారి ఒక్కటే, చీటీ పాడటం. లక్ష రూపాయల చీటీ, ఇరవై నెలలు, అప్పటికి ఎనిమిదో నెల. చీటీ సంగతి తెలియనివాళ్ళకి చెప్తాను. ముందు నెలల్లో డబ్బు కావాలంటే ఎక్కువ వదులుకుని పాడాలి. ఆ నెల పాట 22,000 దాకా పోయేలా ఉంది. అంటే చేతికి వచ్చేది 78,000. అందులో 45 వేలు లాప్‌టాప్‌కి పోతే మిగిలిన దాంతో ఆయన అనుకున్న ఓవర్‌లాక్ మిషను, మోటారు మిషను రెండూ రావు. రెండేళ్ళుగా ఓవర్‌లాక్ పని బయటికి పంపించి చేయిస్తున్నారు. "చదువు ముందు, మిషను తర్వాత" అన్నారు నాన్న. నేను వారం రోజులు ఆగమన్నాను.

పైన చెప్పిన మూడు కొలతలూ ఆ వారంలో రాసుకున్నవే. ఏమీ తెరవకుండానే డిస్క్ ఆరు నిమిషాలు 100 దగ్గర ఉంది, సీపీయూ 25 దాటలేదు. బ్రౌజర్, వీఎస్ కోడ్ తెరిస్తే మెమరీ 94. కుర్రాడిదీ బల్లదీ రెండూ ఉన్నాయి. మెమరీ పేజీలో రెండు స్లాట్లలో ఒకటే వాడుకలో ఉందని కనిపించింది. అది అదృష్టం, ఎందుకంటే చాలా పల్చటి మోడళ్ళలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, స్లాట్ ఉండదు. 480 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ 2,900, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ 1,850. మొత్తం 4,750 రూపాయలు. ఈ ధరలు అప్పటివి. ర్యామ్ ధర ఉల్లిపాయ ధర లాంటిది, కొనే రోజున చూసుకోవాల్సిందే.

బిగించాక బటన్ నుంచి బ్రౌజర్‌కి 35 సెకన్లు. పదిహేను ట్యాబులు తెరిచినా మౌస్ తడబడదు. అయితే మా టీమ్ సీ++ ప్రాజెక్టు మొత్తం కంపైల్ అవడానికి అంతకుముందు 6 నిమిషాలు పట్టేది, తర్వాత 4 నిమిషాల 40 సెకన్లు. తగ్గింది, కానీ అంతే. అక్కడ ఆగేది మనిషి దగ్గర. రెండు కోర్ల ప్రాసెసర్ రెండు కోర్లదే, లాప్‌టాప్‌లో దాన్ని ఊడదీసి వేరేది పెట్టలేం, ఈ రకం చిప్‌లు బోర్డుకి అతికించే వస్తాయి. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ ఇప్పటికీ దీంట్లో నడవదనే చెప్పాలి, యాప్ నా ఫోన్‌లోకే ఎక్కించి పరీక్షిస్తాను. ఎస్‌ఎస్‌డీ పెడితే అన్నీ పది రెట్లు అవుతాయని చెప్పేవాళ్ళని నమ్మకండి. ఆగడం ఎక్కడ ఉందో అక్కడే తగ్గుతుంది.

నాన్న చీటీ పదిహేడో నెలలో, 6,000 వదులుకుని పాడారు. ఓవర్‌లాక్ మిషను ఇప్పుడు షాపులోనే ఉంది.

కొనేటప్పుడు చూడాల్సినవి తొందరగా చెప్పేస్తాను. డీడీఆర్3, డీడీఆర్4 ఒకదాని చోట ఒకటి పట్టవు, గాటు వేరే చోట ఉంటుంది. పాత వాటిలో కొన్నింటికి తక్కువ వోల్టేజీ డీడీఆర్3ఎల్ రకమే కావాలి. హార్డ్ డిస్క్ ఉన్న చోట 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. ఎం.2 స్లాట్ ఉంటే మాత్రం అది సాటా తీసుకుంటుందా, ఎన్‌వీఎంఈ తీసుకుంటుందా అన్నది మీ మోడల్ మాన్యువల్‌లో చూడందే కొనొద్దు, రెండూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. విండోస్‌ని కాపీ చేయడం కన్నా కొత్తగా ఎక్కించుకోవడమే నాకు నచ్చుతుంది. లైసెన్స్ ఏమవుతుందో అని భయపడక్కర్లేదు, లాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ అనుమతి బోర్డుతో ముడిపడి ఉంటుంది, డిస్క్‌తో కాదు.

షాపువాడు చెప్పిన ఏడో జనరేషన్ మాటలో ఒక నిజం ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 జాబితాలో ఇంటెల్ వరకు చూస్తే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే మొదలు, పైగా టీపీఎం 2.0 ఉండాలి. ఇది వట్టి పేరుకి గీసిన గీత కూడా కాదు. ఏడో జనరేషన్ ఐ5-7200యూలో రెండు కోర్లుంటే, ఎనిమిదో జనరేషన్ ఐ5-8250యూలో నాలుగున్నాయి. అందుకే పాత లాప్‌టాప్‌కి డబ్బు పెట్టేముందు అది ఈ గీతకి ఏ వైపు ఉందో చూడమంటాను. అవతలి వైపు, అంటే ఎనిమిదో, ఆ పైన ఉంటే ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ వేసుకుని ఇంకో మూడు, నాలుగేళ్ళు హాయిగా వాడుకోవచ్చు. ఇవతలి వైపుంటే ఎన్నాళ్ళకోసం డబ్బు పెడుతున్నామో ముందే అనుకోవాలి.

నేను అనుకున్నది డిగ్రీ పట్టా చేతికొచ్చేదాకా. రోజువారీ పనికి లినక్స్ మింట్ ఎక్కించాను, దానికి అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. విండోస్ 10ని ఒక పక్కన ఉంచి, వ్యక్తిగత కంప్యూటర్లకి 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తామన్న అదనపు భద్రతా అప్‌డేట్లకి నమోదు చేసుకున్నాను. విండోస్ పూర్తిగా తీసేయకపోవడానికి కారణం ప్లేస్‌మెంట్ పరీక్షలు. ఉదాహరణకి సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌కి లినక్స్ వెర్షన్ లేదు. లినక్స్ అంటే ప్రాణం పెట్టే మిత్రులు మన క్లబ్‌లో చాలామందే ఉన్నారు, వాళ్ళు నన్ను క్షమించాలి, పరీక్ష రోజున సిద్ధాంతాలు పనికిరావు. ఉద్యోగం వచ్చాక నా జీతంతో కొత్తది కొంటాను. 4,750 పెట్టి నేను కొన్నది వేగం ఒక్కటే కాదు, ఆ రెండేళ్ళ వ్యవధి కూడా.

మార్చేయడమే సరైన సందర్భాలూ ఉన్నాయి. నా రూమ్మేట్‌ది సివిల్. ఆమె లాప్‌టాప్ 2015 నాటిది, ఐదో జనరేషన్ ఐ3, ర్యామ్ బోర్డుకే అతికించిన 4 జీబీ. ఒక పక్క కీలు విరిగి మూత తాడు కట్టినట్టు ఉండేది. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని పైకి నెట్టేసింది. ఆమె కూడా ఎస్‌ఎస్‌డీ వేద్దామని నా దగ్గరకొచ్చింది. కాగితం మీద రాశాం. బ్యాటరీ 2,500, కీలు 1,500, ఎస్‌ఎస్‌డీ 2,000, మొత్తం 6,000. అన్నీ చేశాక రెవిట్ నడుస్తుందా? నడవదు, దానికి కనీసం 16 జీబీ ర్యామ్ కావాలి, ఇందులో ఒక్క జీబీ కూడా పెంచలేం. అసలు పనికి అడ్డుపడే భాగాన్ని మార్చలేనప్పుడు చుట్టుపక్కలవి బాగు చేయడం దండగ. బోర్డు పోయినా నాది అదే మాట. బాగు ఖర్చు అదే స్థాయి సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ ధరలో మూడో వంతు దాటుతుంటే నేనైతే ఆగిపోతాను. ఇది శాస్త్రం కాదు, నా లెక్క.

ఆమె కూడా కొత్తది కొనలేదు. ఆఫీసుల్లో వాడి తీసేసిన బిజినెస్ లాప్‌టాప్ తీసుకుంది. థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మనవాళ్ళు సీటీసీ అంటారే, అక్కడ వరసగా దొరుకుతాయి. ఎనిమిదో జనరేషన్ ఐ5, 16 జీబీ ర్యామ్‌తో 22,000 పడింది. వీటిలో చాలా మోడళ్ళకి మూత తెరిస్తే ర్యామ్, డిస్క్ సులువుగా అందుతాయి, రేపు మళ్ళీ పెంచుకోవచ్చు. మీరూ వెళ్తే షాపులోనే బయోస్‌లోకి వెళ్ళి చూడండి. పాస్‌వర్డ్ అడిగితే, లేదా లాగిన్ దగ్గర ఏదో కంపెనీ పేరు కనిపిస్తే అది వద్దు. బ్యాటరీ రిపోర్ట్ తీయించి, తయారైనప్పటి సామర్థ్యంలో ఇప్పుడు ఎంత మిగిలిందో చూడండి. ప్రతి యూఎస్‌బీలో పెన్ డ్రైవ్ పెట్టి చూడండి, ప్రతి అక్షరం నొక్కండి. బిల్లు లేకుండా బయటికి రావద్దు.

మెషీన్ లెర్నింగ్ వాళ్ళు గ్రాఫిక్స్ కార్డ్ కోసమే లక్ష పెట్టాలనుకుంటారు. ముందు గూగుల్ కొలాబ్‌లో మీ ప్రాజెక్టు నడుస్తుందేమో చూడండి. నడిస్తే మీకు కావలసింది మంచి నెట్, మామూలు లాప్‌టాప్.

తీసేసిన పాత హార్డ్ డిస్క్‌ని ఊరికే పడేయొద్దు. 2.5 అంగుళాల యూఎస్‌బీ కేసు కొన్ని వందల్లో వస్తుంది, అందులో పెడితే బ్యాకప్‌కి పనికొస్తుంది, ఒకే ఒక్క కాపీ మాత్రం అందులో ఉంచకండి. ఎవరికైనా ఇచ్చేస్తుంటే రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే చాలదు, డిస్క్ మొత్తం తుడిచే రీసెట్ చేయాలి, 1 టీబీ అయితే గంటలు పడుతుంది. ఉబ్బిన బ్యాటరీని గుచ్చొద్దు, ఛార్జ్ పెట్టొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. నా రూమ్మేట్‌ది ఇంకా మా బాల్కనీలో ఇసుక పోసిన బకెట్‌లో ఉంది, శనివారం తీసుకెళ్ళి ఇవ్వాలి.